శాన్ ఇసిద్రోలో జయరాజ్ వేలంపాట

ఆ ఉదయం జయరాజ్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. టిఫిను చేయడం, బస్సెక్కడం, శాన్ ఇసిద్రో అనే పల్లెటూరిని కాసేపు చూసి పెదవి విరవడం, మధ్యాహ్నానికి తిరిగి బస్సెక్కి విమానం అందుకోవడం. ఇందులో ఆయన మనసుపెట్టి చేయదలచుకున్నది పెదవి విరవడం ఒక్కటే.

జయరాజ్‌ది జగ్గయ్యపేటలో విత్తనాల కొట్టు. మిరప విత్తనాలు బాగా అమ్మిన డీలర్లకి ఒక కంపెనీ మెక్సికో యాత్ర బహుమతిగా ఇచ్చింది. మిరపకాయ పుట్టిల్లు చూపిస్తాం రమ్మంది. “పుట్టింట్లో ఏముంటుంది, కాపురం చేసింది మన దగ్గర కదా” అని ఆయన విమానం ఎక్కకముందే తేల్చేశాడు. దిగిన దగ్గర్నుంచీ అదే వరస. కొండ చూపిస్తే మన వేదాద్రి కొండ ముందు ఇదెంత అన్నాడు. వాగు చూపిస్తే మునేరులో సగం లేదన్నాడు. ఎండాకాలంలో మునేరు కూడా మునేరులో సగం ఉండదన్న సంగతి ఆయనకి గుర్తు రాలేదు.

యాత్రలో ఆయనకి జోడీగా తగిలినవాడు నబీ. నందిగామలో పురుగుమందుల కొట్టు. నోరు తక్కువ, ఆకలి ఎక్కువ. పరాయి దేశంలో నబీ అడిగే ప్రశ్నలు రెండే: ఇందులో పంది ఉందా, ఇంకొంచెం ఉందా.

“ఏం తిండి నబీ భాయ్ ఇది! పొద్దున మొక్కజొన్న రొట్టె, రాత్రి మొక్కజొన్న రొట్టె. కోళ్ళఫారంలో కోళ్ళకి కూడా ఇంతకంటే రకాలు పెడతారు” అన్నాడు జయరాజ్, బస్సు ఆ ఊళ్ళో ఆగుతుండగా.

“చట్నీ బాగుందండీ” అన్నాడు నబీ, వేళ్ళు నాకుతూ.

బస్సు దిగీ దిగకముందే ఇంటి నుంచి ఫోను వచ్చింది. భార్య ప్రేమకుమారి.

“ఏవండీ, పత్తి విత్తనాల లారీ వచ్చింది. మనుషుల్ని పెట్టి దింపించా. ఇక్కడ సాయంత్రం నుంచీ మబ్బేసి ఉంది. పెనుగంచిప్రోలు వాళ్ళు, చిల్లకల్లు వాళ్ళు అప్పుడే ఫోన్లు మొదలెట్టారు. వాన పడే టైముకి కొట్టు తెరవకపోతే అందరూ రోడ్డు దాటి బాలస్వామి అన్నయ్య కొట్టుకి పోతారు.”

“వస్తున్నా కదా! వాన పడేలోపు గల్లాపెట్టె దగ్గర ఉంటా. నువ్వేం ముట్టుకోకు, నీకు తెలీదు.”

లారీ దింపించిన మనిషికి ఏం తెలీదో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఒక్కటి మాత్రం నిజం. విత్తనాల వ్యాపారికి ఏడాది మొత్తం ఒక ఎత్తు, తొలివాన పడ్డ వారం ఒక ఎత్తు. ఆ వారం కొట్లో లేనివాడి మొహం రైతు మళ్ళీ చూడడు. అందుకే విమానం అందుకోవడమంటే జయరాజ్‌కి ప్రాణం కాపాడుకోవడంతో సమానం.

మెక్సికోలో పెరుగన్నం దొరకడం లేదని ఆయన మూడు రోజులుగా గొడవ చేస్తున్నాడు. గైడు లూపె అనే అమ్మాయి ఇంగ్లీషు వచ్చిన మనిషి, ఆ ఊళ్ళో ఇంగ్లీషు వచ్చిన ఒకే ఒక్క మనిషి కూడాను. “ఈ ఊళ్ళో ఆవులున్నాయి కదమ్మా, పెరుగు ఎందుకుండదు? వెళ్ళి అడుగు” అని ఆ అమ్మాయిని ఇంటింటికీ తరిమాడు. మిగతా డీలర్లు టోపీల దుకాణం ముందు ఫొటోలు దిగుతున్నారు. జయరాజ్, నబీ చర్చి వైపు నడిచారు. అలా నోరున్న మనిషిని దూరంగా పంపేసి, నోటితో పని పడే చోటికి తన కాళ్ళతో తానే వెళ్ళాడు ఆయన.

ఆ రోజు ఊరి పండుగ. చర్చి మెట్ల మీద గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు, రొట్టెల గంపలు, కాళ్ళు కట్టేసిన టర్కీ కోళ్ళు. పక్కన కొమ్ములకి కాగితం పూలు చుట్టిన ఎడ్ల జత. నడిమధ్య బల్ల మీద పునీత ఇసిద్రో బొమ్మ. ఆయన రైతుల పునీతుడు. ఊరు ఊరంతా ముందు నిలబడి ఉంది.

జయరాజ్ మొహం వెలిగింది. “ఇది మన కోతపండుగే నబీ భాయ్!”

జయరాజ్ పోల్చుకోవడంలో తప్పు లేదు. పేటలో వాళ్ళ చర్చిలోనూ ఏటా కోతపండుగ జరుగుతుంది. రైతులు తొలిపంట తెచ్చి మెట్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. మొదట వచ్చేది గుమ్మడికాయ. ఆ తొలి గుమ్మడికాయ కోసం జయరాజ్, ఎదురుకొట్టు బాలస్వామి పడే పోటీ చూడటానికి నందిగామ నుంచి కూడా మనుషులు వస్తారు. ఏళ్ళ తరబడి అది జయరాజ్‌దే. ఆయన దానికి పెట్టే ధరకి గుమ్మడితోటే కౌలుకి దొరుకుతుందని ప్రేమకుమారి అంటుంది. తర్వాత వారం రోజులు ఇంట్లో పొద్దున గుమ్మడికాయ పులుసు, రాత్రి గుమ్మడికాయ కూర. బాలస్వామి ఇంట్లో మాత్రం చికెను. అయినా ఓడిపోయింది బాలస్వామేనని జయరాజ్ నమ్మకం.

మెట్ల మీద గడ్డి టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు నిలబడ్డాడు. చేతిలో రంగుల రిబ్బన్లు కట్టిన కర్ర. ఆయన గట్టిగా ఏదో అడిగి, కర్ర పైకెత్తి జనాన్ని చూశాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ అడిగాడు. జనం నేల చూపులు చూశారు.

“చూశారా? పాట మొదలెట్టే మొనగాడే లేడు ఈ ఊళ్ళో. దేవుడి గుమ్మడికాయకి ఇంత పిసినారితనమా! చేతకాని మంద” అన్నాడు జయరాజ్.

“అది గుమ్మడికాయ గురించేనంటారా? ఆ అమ్మాయిని రానిద్దామండీ” అన్నాడు నబీ.

“పాటలో వెయిట్ చేసేవాడికి తొడిమ కూడా దక్కదు.”

ముసలాయన మూడోసారి అడిగాడు. జయరాజ్ చెయ్యి నిటారుగా లేచింది. “వెయ్యి!” అని అరిచాడు.

ఊరు మొత్తం వెనక్కి తిరిగింది. పోటీ పాట కోసం జయరాజ్ చూశాడు. రాలేదు. ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత బాకాల మేళం వైపు కర్ర చూపించి ఏదో అడిగాడు. ‘టర్కీ కోడి కాబోలు’ అనుకుని జయరాజ్ మళ్ళీ చెయ్యెత్తాడు. తర్వాత తారాజువ్వల కట్ట చూపించాడు, రొట్టెల గంపలు చూపించాడు. జయరాజ్ చెయ్యి దించితే కదా! ఎదుట బాలస్వామి లేకుండా పాడటం ఉప్పు లేని పప్పులాగే ఉంది గానీ, గెలుపు గెలుపే.

మేళం ఒక్కసారిగా మోగింది. తారాజువ్వలు లేచాయి. ఎవరో ఆయన మెడలో పూలదండ వేశారు. ముసలాయన రిబ్బన్ల కర్ర తెచ్చి ఆయన చేతిలో పెట్టి, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. ఒక ముసలావిడ వాటేసుకుని ఏడ్చేసింది.

“గుమ్మడికాయకి ఇంత హడావిడా?” అన్నాడు నబీ అనుమానంగా.

“గుమ్మడికాయకి కాదు భాయ్, నాకు. ఆంధ్రాలో నంబర్ వన్ డీలర్ వస్తున్నాడని కంపెనీ ముందే చెప్పుంటుంది.”

“మీరు నంబర్ నాలుగు కదండీ.”

ఆ మాట మేళంలో కలిసిపోయింది. జనం తన వైపే చూస్తుంటే జయరాజ్‌కి ఉపన్యాసం పొంగుకొచ్చింది. కర్ర నేలకి తాటించి అచ్చ తెలుగులో అందుకున్నాడు. “అయ్యా, అమ్మా, మీ ఊరు మరీ అన్యాయంగా ఉంది. పాట పెట్టడం రాదు, పాడటం రాదు. రొట్టె తప్ప తిండి లేదు. ఒకసారి మా పేట వచ్చి చూడండి, పండుగంటే ఏంటో తెలుస్తుంది!” జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో మరో ఇద్దరు ఏడ్చారు.

అక్కడి నుంచి మర్యాదలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. పెద్ద పందిరి కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఒకావిడ టేపు తెచ్చి భుజాలు కొలుచుకుంది. “సూటు కుట్టిస్తారు కాబోలు” అన్నాడు జయరాజ్. ఒకాయన జానెడు పొడుగు తాళంచెవి ఇచ్చాడు. “గెల్చిన సరుకు పెట్టిన గదిది కాబోలు” అనుకున్నాడు జయరాజ్. ఎడ్ల పగ్గం చేతికిచ్చి ఫొటో తీశారు. ఆఖరికి చర్చి పక్కన సున్నం వేసిన ఇంట్లోకి తీసుకెళ్ళి, కొత్త దుప్పటి పరిచిన మంచం చూపించారు. “భోజనం తర్వాత కునుకు తీయడానికి. ఊరు దరిద్రంగా ఉన్నా మర్యాద తెలుసు” అని మెచ్చుకున్నాడు. నబీ ఈలోపు నల్లటి మిరపకాయ పులుసులో కోడికూర మూడోసారి వడ్డించుకున్నాడు.

అప్పుడు వచ్చింది లూపె, రెండు చేతుల్లో పెరుగు గిన్నెతో. జయరాజ్ మెడలో దండ చూసింది. చేతిలో కర్ర చూసింది. గిన్నె వంగి పెరుగు చెప్పుల మీద పడింది.

“సార్, మీరేం చేశారు?”

“గుమ్మడికాయ పాడుకున్నా. పెరుగు పారబోస్తావేంటమ్మా!”

లూపె అక్కడే అరుగు మీద కూలబడింది. “ఇక్కడ వేలం లేదు సార్. ఏటా ఊరికి ఒకరు పండుగ పెద్దగా ఉండాలి. వచ్చే ఏడు ఊరందరికీ భోజనాలు ఆ మనిషివే. మేళం ఆయనదే, బాణాసంచా ఆయనదే, రొట్టెలు ఆయనవే. ఖర్చుకి భయపడి ఎవరూ ముందుకు రావట్లేదు. ఇవాళ కూడా చెయ్యి లేవకపోతే పండుగే మానేద్దామనుకున్నారు. ఆ తాత ఆఖరిసారి అడిగాడు. మీరు ఎత్తారు. భోజనాలకి ఎత్తారు, మేళానికి ఎత్తారు, అన్నిటికీ ఎత్తారు.”

“మరి గుమ్మడికాయ?”

“అది అలంకారం సార్. కావాలంటే ఊరికే తీసుకెళ్ళండి.”

జయరాజ్ నోట్లో మొక్కజొన్న రొట్టె గడ్డకట్టింది. అయినా తేరుకున్నాడు. “సరేలే. వచ్చే ఏడు కదా. ఇంటికెళ్ళి ఏదో ఒకటి పంపిస్తా. పద, బస్సెక్కుదాం.”

“పండుగ పెద్ద తొలివాన పడేదాకా ఊరు దాటకూడదు సార్. వాన పడ్డాక పునీతుణ్ణి పొలానికి తీసుకెళ్ళి, తొలి గింజ ఆయన చేత్తో వేయాలి. ఆ కొలతలు, ఆ తాళంచెవి, ఆ మంచం అన్నీ అందుకే.”

“వాన ఎప్పుడు పడుతుంది ఇక్కడ?”

లూపె ముసలాయన్ని అడిగింది. ఆయన ఆకాశం వైపు చూశాడు. ఆకాశం తోమిన పళ్ళెంలా ఉంది. ఆయన టోపీ సర్దుకుని ఏదో చెప్పాడు.

“దేవుడి దయ అంటున్నారు. ఒక్కో ఏడు జులైలో కూడా పడుతుందట.”

జులై! జయరాజ్ కళ్ళ ముందు రోడ్డు కనబడింది. జగ్గయ్యపేట రోడ్డు. దాని మీద పెనుగంచిప్రోలు రైతులంతా చెప్పులు టపటపలాడించుకుంటూ బాలస్వామి కొట్టుకేసి దాటుతున్నారు. గల్లాపెట్టె వెనక కూర్చుని బాలస్వామి నోటికి ఒక పక్క నుంచి నవ్వుతున్నాడు.

“చెయ్యెత్తింది నేను కాదు, ఈయన” అన్నాడు నబీని చూపించి.

నబీ పళ్ళెంలోంచి తల కూడా ఎత్తలేదు. “అల్లా తోడు, నా చెయ్యి కోడి మీద నుంచి లేవలేదండీ.”

జయరాజ్ బస్సు దగ్గరికి పరిగెత్తాడు. డ్రైవరు ఆ ముసలాయన మేనల్లుడట. పండుగ పెద్దని చూడగానే టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు గానీ తలుపు మాత్రం తీయలేదు. వెనకే వచ్చిన లూపె జాలిపడింది. “ఎవరూ బలవంతం చేయరు సార్. మీరు కర్ర తిరిగిచ్చేయొచ్చు. కానీ అందుకునే చెయ్యి ఇంకొకటి ఉండాలి.”

“ఇంత ఊళ్ళో డబ్బున్నవాడే లేడా?”

“ఇద్దరున్నారు. అదిగో, పందిరికి ఆ చివర గళ్ళ చొక్కా ఆయన, ఈ చివర మీసాల ఆయన. చౌరస్తాలో ఎదురెదురు విత్తనాల కొట్లు వాళ్ళవి. ఆయన తీసుకోనిది నేనెందుకు తీసుకోవాలని ఈయన, ఈయన తీసుకోనిది నేనెందుకని ఆయన.”

జయరాజ్ ఆ ఇద్దర్నీ చూశాడు. ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్నారు. గళ్ళ చొక్కా తన ట్రాక్టరుకి పూలు చుట్టాడు. మీసాల ఆయన తన ట్రాక్టరుకి పూలు చుట్టి, పైన బెలూన్లు కూడా కట్టాడు. మెక్సికోలో కాలు పెట్టాక జయరాజ్‌కి మొదటిసారి ఏదో బాగా తెలిసినట్టు అనిపించింది.

“ఈ ఊళ్ళో ఇద్దరు బాలస్వాములున్నారు నబీ భాయ్” అన్నాడు, కళ్ళు మెరుస్తుండగా. “వీళ్ళు అడగడమే తప్పు. ఎవరు తీసుకుంటారు అని అడిగితే ఎవడు తీసుకుంటాడు? ఫలానావాడి కంటే ఎక్కువ ఎవరు పెడతారు అని అడగాలి. మా పేట పద్ధతిలో నేను పెడతా పాట. లూపె, నేను అన్న ప్రతి మాటా వాళ్ళకి చెప్పు. ఒక్కటి వదలకు.”

చేసిన తప్పుకి విరుగుడు కూడా అదే తప్పులో వెతికే మనుషులుంటారు. జయరాజ్ కర్ర పట్టుకుని మెట్లెక్కాడు. లూపె పక్కన నిలబడింది.

“ఈ పెద్దరికం నేను మళ్ళీ పాటకి పెడుతున్నా! వచ్చే ఏడు పండుగకి పది టర్కీ కోళ్ళు కోస్తానని ఒకాయన నా చెవిలో అన్నాడు. పేరు చెప్పను. ఎదురుకొట్టాయనకి అంత దమ్ము లేదని కూడా అన్నాడు!”

లూపె తర్జుమా చేసింది. రెండు వీపులూ ఒకేసారి ఇటు తిరిగాయి.

“ఇరవై!” అని లేచాడు గళ్ళ చొక్కా.

“ఇరవై, రెండు మేళాలు!” అన్నాడు మీసాల ఆయన, కుర్చీ తన్నేసి.

జనంలో కేరింత పుట్టింది. ఇన్నేళ్ళూ నేల చూపులు చూసిన ఊరు ఒక్కసారిగా రెండు జట్లయింది. గళ్ళ చొక్కా ఇరవై అయిదన్నాడు. మీసాల ఆయన తారాజువ్వలు కలిపాడు. ముసలాయన మోకాళ్ళు చరుచుకుని నవ్వుతున్నాడు. జయరాజ్ చెమటలు కక్కుతూ, కర్ర ఆడిస్తూ, “రావాలి, రావాలి, ఇంకా రావాలి” అని ఎగదోస్తున్నాడు. నబీ కూడా తినడం ఆపి చూశాడు. అది ఆ రోజు జరిగిన అతి పెద్ద వింత.

“ముప్పై టర్కీలు, మూడు మేళాలు, తెల్లవార్లూ బాణాసంచా!” అన్నాడు మీసాల ఆయన.

గళ్ళ చొక్కా భార్య వైపు చూశాడు. భార్య అతని వైపు చూసిన చూపుకి తర్జుమా అక్కర్లేదు. అతను కూర్చున్నాడు.

“ముప్పై, ఒకటోసారి!” జయరాజ్ గొంతులో ఆనందం పొర్లింది. చౌరస్తాలో బస్సు హారను మోగింది. డీలర్లంతా ఎక్కేశారు. విమానం, జగ్గయ్యపేట, గల్లాపెట్టె, అన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. “ముప్పై, రెండోసారి!”

మీసాల ఆయన మెట్ల దాకా వచ్చి కర్ర కోసం చెయ్యి చాపాడు. చాపి, జయరాజ్‌ని నెత్తి నుంచి చెప్పుల దాకా ఒకసారి చూశాడు. మీసం దువ్వుకున్నాడు. నోటికి ఒక పక్క నుంచి నవ్వాడు. పక్కవాళ్ళతో ఏదో అన్నాడు. వాళ్ళూ నవ్వారు.

జయరాజ్ చెవులు ఎర్రబడ్డాయి. “ఏమన్నాడు?”

“ఏం లేదు సార్. మూడోసారి అనేయండి” అంది లూపె.

“ఏమన్నాడో చెప్పు!”

“మీరే కదా సార్ ఒక్కటి వదలొద్దన్నారు. దూరం నుంచి వచ్చి ఉత్త చెయ్యెత్తడమే గానీ పెట్టే చెయ్యి కాదు అన్నాడు.”

“జయరాజ్ గారూ, వద్దండీ” అని నబీ మెట్ల మీదకి ఉరికాడు. “బస్సండీ! వానండీ! గల్లాపెట్టెండీ!” అంటూ అప్పటికే పైకి లేచిన జయరాజ్ చెయ్యి పట్టుకుని వేలాడాడు. నందిగామలో ఎంత బరువున్న మందు డబ్బాలు మోసినా ఆ చేతిని కిందకి దించడం నబీ వల్ల కాలేదు.

“నలభై!” అన్నాడు జయరాజ్.

లూపె ఆ మాట తర్జుమా చేయలేదు. అవసరం లేకపోయింది. నాలుగు వేళ్ళు ఆకాశంలో నిలబడి ఉన్నాయి.

జయరాజ్ రొమ్ము విరుచుకుని మీసాల ఆయన్ని చూశాడు. నలభై ఒకటి కోసం చూశాడు. బాలస్వామి అయితే నలభై ఒకటి అనేవాడే. కానీ ఎంత పోలికలున్నా ఆయన బాలస్వామి కాదు. టోపీ తీసి, నడుము దాకా వంగి దండం పెట్టి, వెళ్ళి హాయిగా భోజనానికి కూర్చున్నాడు. గళ్ళ చొక్కా ఆయనకి పక్కనే చోటిచ్చాడు. ఆ ఇద్దరూ కలిసి ఒకే బల్ల మీద తినడం ఊరు అదే మొదటిసారి చూడటమట.

మేళం మళ్ళీ మోగింది. ఈసారి భాష రాలేదని చెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా, లూపె పక్కనే నిలబడి ఉంది.

బస్సు కదిలింది. పండుగ పెద్ద లేని బస్సుకి తలుపు తీయడానికి డ్రైవరుకి అభ్యంతరం లేకపోయింది. నబీ ఒళ్ళో మొక్కజొన్న ఆకుల్లో చుట్టిన పొట్లాలు, పక్క సీట్లో ఒక గుమ్మడికాయ ఉన్నాయి. ప్రేమకుమారి ఫోను ఈసారి నబీకి వచ్చింది.

“అన్నయ్యగారూ, ఈయన ఫోను ఎత్తట్లేదు. బయల్దేరారా?”

నబీ జరిగింది జరిగినట్టు చెప్పాడు.

“పోటీకి ఎవరున్నారు?” అని అడిగిందామె.

“అచ్చం బాలస్వామి గారి లాంటి మనిషమ్మా.”

“అయితే రారులెండి” అంది ప్రేమకుమారి. గొంతులో కోపం లేదు. తేలిగ్గా ఊపిరి తీసుకున్నట్టు వినబడింది. “విత్తనాలు నేను అమ్ముతా. ఆయనుంటే రైతులతో మాట్లాడనీరు. ఆ గుమ్మడికాయ మాత్రం మా ఇంటికి తేకండి, మీకు పుణ్యముంటుంది.”

మర్నాడు సాయంత్రం తొలివాన దబదబా కురిసింది, జగ్గయ్యపేటలో.